ముళ్ల అడవిలో తేలిక నడక: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

అక్టోబరు దాటితే అరిజోనాలో ఎండ దిగుతుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చేదీ అప్పుడే. అందుకే ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి అడిగారు: స్తంభాల్లా ఎత్తుగా పెరిగే సవారో కాక్టస్‌ల మధ్య, కొండలు చూసుకుంటూ, పెద్దవాళ్లు కూడా నడవగలిగే దారి ఏదని. నాకు ఇష్టమైన విషయం కాబట్టి కొన్నిటికి కాస్త పెద్ద జవాబులే ఇస్తున్నాను.

మా అమ్మానాన్నలు ఒంగోలు నుంచి నవంబరులో వస్తున్నారు. నాన్నకు 68 ఏళ్లు, రోజూ నడిచే అలవాటుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. గ్రాండ్ కాన్యన్ ఎలాగూ చూపిస్తాం. ఎడారిలో కొండ ఎక్కాలని నాన్న సరదా. ఫ్రెండ్స్ అందరూ కామెల్‌బ్యాక్ అంటున్నారు. మీరేమంటారు ఆంటీ?
— ఒక పాఠకురాలు, చాండ్లర్

కామెల్‌బ్యాక్ వద్దమ్మా. ఫీనిక్స్ ఊరి మధ్యలో ఉంది కాబట్టి అందరి నోటా ఆ పేరే వస్తుంది. కానీ ఎకో కాన్యన్ వైపు నుంచి వెళ్తే మైలుంపావు దూరంలోనే 1,200 అడుగులకు పైగా ఎక్కాలి. ఇనుప కమ్మీలు పట్టుకుని, బండరాళ్ల మీద చేతులు ఆన్చి పాకే చోట్లున్నాయి. నాన్నగారు రోజూ నడిచేది చదును రోడ్డు మీద. ఎలాగో ఎక్కేస్తారు, దిగేటప్పుడే మోకాళ్లకు అసలు కష్టం. అమ్మగారేమో కింద కార్లో కూర్చోవాలి. అంత దూరం నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకరిని కింద వదిలేసే నడక నాకు నచ్చదు.

టూసాన్ తీసుకెళ్లు. సవారో నేషనల్ పార్క్ ఆ ఊరికి అటొక ముక్క, ఇటొక ముక్క ఉంటుంది. తూర్పున రింకాన్ కొండల దగ్గరి భాగాన్ని 1933లోనే రక్షిత ప్రాంతం చేశారు. పడమర టూసాన్ కొండల వైపు భాగాన్ని 1961లో కలిపారు. రెండూ కలిపి నేషనల్ పార్క్ అయింది 1994లో. మీకు పడమటి భాగం బాగుంటుంది. సవారోలు అక్కడే దట్టంగా ఉంటాయి, చిన్న నడకలూ ఒకదానికొకటి దగ్గర్లో ఉంటాయి.

చాండ్లర్ నుంచి గంటన్నర, మహా అయితే గంటా ముప్పావు. ఐ-10 మీద వెళ్తుంటే సగం దాటాక కుడి పక్క ఒంటరిగా పైకి లేచిన కొండ కనిపిస్తుంది, అది పికాచో పీక్. నాన్నగారికి ఆ కొండను బాగా చూసి గుర్తు పెట్టుకోమని చెప్పు, తర్వాత పనికొస్తుంది. పార్కుకు తొమ్మిదింటికి చేరేలా బయల్దేరండి. రెడ్ హిల్స్ విజిటర్ సెంటర్ తెరిచేది అప్పుడే. కారుకు 25 డాలర్లు, ఆ టికెట్ ఏడు రోజులు రెండు భాగాల్లోనూ చెల్లుతుంది. గ్రాండ్ కాన్యన్ కోసం మీరు అన్ని నేషనల్ పార్కులకూ చెల్లే యాన్యువల్ పాస్ కొని ఉంటే ఇక్కడ విడిగా కట్టక్కర్లేదు. మంచినీళ్ల సీసాలు ఇక్కడే నింపుకోవాలి, లోపల పిక్నిక్ చోట్ల నీళ్లుండవు. టాయిలెట్లు ఉంటాయి కానీ వాటిలోనూ నీళ్లుండవు. టిష్యూలు, శానిటైజర్ బ్యాగులో పెట్టుకోండి. తినడానికీ ఏమీ దొరకదు. పులిహోర కలుపుకెళ్లడం ఉత్తమం.

మొదటి నడక డెసర్ట్ డిస్కవరీ ట్రెయిల్. అర మైలు, పూర్తిగా చదునుగా వేసిన దారి, మధ్యలో కూర్చోడానికి బెంచీలు. అమ్మగారు చీర కట్టుకుని, కాళ్లకు బూట్లు వేసుకుని హాయిగా నడవొచ్చు. ఏ చెట్టు ఏమిటో బోర్డులు ఉంటాయి. ఇది పెద్దవాళ్లకూ పిల్లలకూ వేసిన దారి కదా అని గబగబా తిప్పి తీసుకొచ్చేయకు. నేను మా ఇంటికి వచ్చినవాళ్లను ఈ అర మైలులో గంటసేపు ఆపుతాను. ఆ గంటలో కళ్లు అలవాటు పడతాయి. పడకపోతే తర్వాత చూసేదంతా ఒకే ముళ్ల గుబురుగా కనిపిస్తుంది.

తర్వాత కారెక్కి బహాడా లూప్ డ్రైవ్ మీదికి వెళ్లండి. ఆరు మైళ్ల లోపు మట్టిరోడ్డు. మామూలు కారుతోనే మెల్లగా వెళ్లొచ్చు, దుమ్ము లేస్తుంది కాబట్టి అద్దాలు వేసుకోండి. దాని మీదే వ్యాలీ వ్యూ ఓవర్‌లుక్ ట్రెయిల్ వస్తుంది. నాన్నగారి సరదా తీరేది ఇక్కడ. వెళ్లి రావడానికి కలిపి 0.8 మైళ్లే. మొదట ఎండిన వాగులు దాటిస్తుంది, తర్వాత మెట్లు, కాస్త ఎక్కుడు, ఆపైన ఒక చిన్న గుట్ట అంచు. అక్కడ నిలబడితే కింద ఆవ్రా లోయ అంతా, లోయ నిండా సవారోలు, ఉత్తరాన పొద్దున దారిలో చూసిన పికాచో పీక్ మళ్లీ కనిపిస్తుంది. మీరు కార్లో వచ్చిన దూరం ఎంతో నాన్నగారే లెక్క వేసి చెబుతారు. అమ్మగారికి ఓపికుంటే మొదటి వాగు దాకా వచ్చి వెనక్కి రావొచ్చు. ఈ దారిలో మాత్రం చీర వద్దు. కుచ్చిళ్లకు ముళ్లు పట్టుకుంటే విడిపించడం పెద్ద పని. చుడీదారో ట్రాక్ ప్యాంటో చాలు.

అదే లూప్‌లో సిగ్నల్ హిల్ ఉంది. కారు ఆపే చోటు నుంచి కొన్ని నిమిషాలు గుట్ట ఎక్కితే రాళ్ల మీద చెక్కిన బొమ్మలు కనిపిస్తాయి. సుడులు, జంతువులు, మనకు అర్థం కాని గుర్తులు. వందల ఏళ్ల కిందట ఇక్కడ బతికిన హోహోకం ప్రజలు చెక్కినవి. ముట్టుకోకూడదు, చేతి జిడ్డు రాయిని పాడుచేస్తుంది. కింద పిక్నిక్ బల్లలున్నాయి, 1930ల నాటి రాతి కట్టడాలు. పులిహోర అక్కడ తినండి.

ఒక్క జాగ్రత్త. ఒంగోలువాళ్లు ఎడారి అంటే వేడే అనుకుని పల్చటి బట్టలు సర్దుకుని వస్తారు. నవంబరు పొద్దున ఇక్కడ స్వెటర్ కావాలి. డిసెంబరు, జనవరి అయితే మంకీ క్యాప్ కూడా.

ఎడారిలో చూడ్డానికి ఏముంటుందండీ? మాది అనంతపురం. రాళ్లూ రప్పలూ ముళ్ల కంపలూ చూస్తూనే పెరిగాం. మా అబ్బాయి టూసాన్ తీసుకెళ్తానంటే, ఆ పెట్రోలు ఖర్చుతో నయాగరా చూపించరా అన్నాను. నాది తప్పా?
— విశ్రాంత ఉద్యోగి, ప్రస్తుతం గిల్బర్ట్

పెట్రోలు లెక్క ఎలా వేశారో గానీ, నయాగరా ఇక్కడికి దేశం అవతలి చివరండీ! మీ ఉత్తరం చదివి నాకు సంతోషం వేసింది, ఎందుకంటే నేనూ అనంతపురంలోనే చాలా ఏళ్లు కాలేజీలో బోటనీ చెప్పాను. అందుకే మీతో చనువుగా అంటున్నాను: ముళ్ల కంపలు చూస్తూ పెరిగినవాళ్లే ఈ ఎడారిని అందరికన్నా బాగా చూడగలరు. కోనసీమ నుంచి వచ్చినవాళ్లకు నేను మొదటి నుంచి చెప్పాలి. మీకు సగం తెలుసు.

అనంతపురం జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. టూసాన్‌లో దాదాపు అందులో సగం. ఐనా పచ్చగా ఉంటుంది. కారణం ఆ వాన రెండు విడతలుగా పడటం. చలికాలంలో మెల్లగా కురిసే ముసురు ఒకటి, జూలై నుంచి ఉరుములు మెరుపులతో వచ్చే వాన ఇంకొకటి. దాన్ని ఇక్కడివాళ్లూ మాన్సూన్ అనే అంటారు. ప్రపంచంలోని ఎడారుల్లో ఇంత చెట్టూ చేమా ఉన్నవి అరుదు. ఈ సోనోరా ఎడారి కొంత అరిజోనాలో, కొంత కాలిఫోర్నియాలో, మిగతాది మెక్సికోలో ఉంది. సవారో పుట్టేది ఈ ఒక్క ఎడారిలోనే. రాజస్థాన్‌లో లేదు, సహారాలో లేదు.

మీ వయసు 70 ప్రాంతం అనుకుంటున్నాను. మీరు పుట్టిన ఏడు ఇక్కడ మొలకెత్తిన సవారో ఇప్పుడు ఆరు, ఆరున్నర అడుగులు ఉంటుంది. అంటే మీకన్నా కాస్త పొడుగు, అంతే. మొదటి ఎనిమిదేళ్లలో అది పెరిగేది అంగుళం, అంగుళంన్నర. 35 ఏళ్లు వస్తే గానీ పూయదు. పక్కకు చెయ్యి రావాలంటే 50 నుంచి 75 ఏళ్లు, వాన తక్కువ చోట వందేళ్లూ పట్టొచ్చు. నలభై అడుగుల ఎత్తున, అయిదారు చేతులతో నిలబడ్డ చెట్టును చూసినప్పుడు, ఈ నేల ఇంకా అమెరికాలో రాష్ట్రం కాకముందే (అరిజోనా రాష్ట్రమైంది 1912లో) అది మొలిచి ఉంటుందని ధైర్యంగా అనుకోవచ్చు. 150, 200 ఏళ్లు బతుకుతాయి. నాకు ఆ చెట్ల కింద నిలబడితే నమస్కారం పెట్టాలనిపిస్తుంది, పెడతాను కూడా.

దగ్గరికి వెళ్లి మొదలు చూడండి. పెద్ద సవారో పక్కనే ఎండిపోయిన పాలో వర్డే చెట్టో, దాని మొద్దో తరచుగా ఉంటుంది. అది యాదృచ్ఛికం కాదు. ఒక్క సవారో పండులో 2,000 దాకా గింజలుంటాయి. బయట పడ్డవి ఎండకు మాడతాయి, చలికి చస్తాయి, ఎలుకలూ పిట్టలూ తింటాయి. ఏ పాలో వర్డే కిందో, మెస్కీట్ కిందో పడ్డ గింజకే బతికే వీలు. ఆ నీడలో పెరిగి, నెమ్మదిగా ఆ చెట్టునే మించుతుంది. మెస్కీట్ మీకు తెలిసిన చెట్టే: మన ఊళ్లలో సర్కారు తుమ్మ అంటామే, దాని దగ్గరి చుట్టం. మన దగ్గర దాన్ని పీకలేక ఏడుస్తాం, ఇక్కడ అది పుట్టిన చోట ఎన్నిటికో తిండీ నీడా ఇస్తోంది. పాలో వర్డే బెరడు ఎందుకు పచ్చగా ఉందో కూడా మీవాళ్లకు మీరే చెప్పండి. ఆకులు రాల్చేసినా కాండంతోనే ఆహారం తయారుచేసుకుంటుంది.

సవారో ఒంటి నిండా పైనుంచి కిందికి గాడులుంటాయి. వాన పడ్డాక అవి హార్మోనియం తిత్తి విచ్చుకున్నట్టు విచ్చుకుంటాయి, కాండం లావెక్కుతుంది. నీళ్లు అయిపోయేకొద్దీ మళ్లీ ముడుచుకుంటుంది. బాగా నీళ్లు తాగిన పెద్ద చెట్టు రెండు టన్నుల దాకా తూగుతుంది. అంత బరువు మోసేవి లోపల నిలువుగా ఉండే కర్ర పుల్లలు. చచ్చి ఎండిన చెట్టు దగ్గర ఆ పుల్లలు విడివిడిగా నిలబడి కనిపిస్తాయి. వేళ్లు చాలావరకు జానెడు లోతు కూడా దిగవు, అడ్డంగా చెట్టు ఎత్తంత దూరం పాకుతాయి. చిన్న జల్లు పడ్డా తాగేది వాటితోనే. దారి వదిలి చెట్టు మొదలు దాకా తొక్కుకుంటూ వెళ్లొద్దని అనేది అందుకే.

కాండం మీద గుండ్రటి రంధ్రాలు కనిపిస్తాయి. గీలా వడ్రంగిపిట్ట తొలిచిన గూళ్లు అవి. పిట్ట తొలవగానే లోపల కాపురం పెట్టదు. చెట్టు ఆ గాయం చుట్టూ గట్టి పొర కట్టుకునే దాకా నెలల తరబడి ఆగుతుంది. అది వదిలి వెళ్లాక చిన్న గుడ్లగూబ, ఎల్ఫ్ ఔల్, అందులోకి వస్తుంది. పిచ్చుకంత ప్రాణి. చెట్టు కుళ్లిపోయాక కూడా ఆ గట్టి పొర పాత్రగా మిగులుతుంది, పూర్వం ఇక్కడివాళ్లు దాన్ని వాడుకునేవారు.

ఇంకొకటి మీకోసమే రాస్తున్నాను. దారి పక్క నాగజెముడు విరివిగా ఉంటుంది. మన చేలగట్ల మీద ఉన్న నాగజెముడు పుట్టిల్లు అమెరికా ఖండమే. ఆ మట్టల మీద తెల్లని మరకలు చూస్తే ఆగండి. అది కొచినీల్ పురుగు. దాన్నుంచి ఎర్ర రంగు వస్తుంది. ఆ రంగు కోసమే ఈస్టిండియా కంపెనీ రోజుల్లో మద్రాసు ప్రాంతంలో జెముడును పెంచే ప్రయత్నాలు చేశారు. తర్వాత జెముడు చేలను కమ్మేసింది. 1920ల్లో ఆ పురుగు జాతిదే ఒకటి తెచ్చి వదిలాక దక్షిణాదిలో అది చాలావరకు అణిగింది. అనంతపురం గట్టు మీద కథ మొదలైన చోటును మీరు చూడబోతున్నారు. నయాగరా తర్వాత చూడొచ్చు.

మాది డాలస్ దగ్గర ఫ్రిస్కో. పిల్లలకు సెలవులు జూన్‌లోనే. జూన్ చివర టూసాన్ వచ్చి, మధ్యాహ్నం హోటల్లో దిగగానే వ్యాలీ వ్యూ ట్రెయిల్ నడుద్దామనుకుంటున్నాం. మైలు కూడా లేదు కదా. రోహిణి కార్తె ఎండలు చూసిన ప్రాణాలు మావి. ఏమంటారు?

మధ్యాహ్నం వద్దు. ఈ ఒక్క మాట వినండి.

జూన్ చివర టూసాన్‌లో మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటడం మామూలు. ఫీనిక్స్‌లో 2023లో వరసగా 31 రోజులు 110 ఫారన్‌హీట్, అంటే 43 డిగ్రీలు, అంతకు మించి ఎండ కాసింది. ఆ ఏడాది ఆ ఊరున్న మారికోపా కౌంటీలో ఎండ వల్ల 645 మంది చనిపోయారు. వాళ్లందరూ నడకలకు వెళ్లినవాళ్లు కాదు, ఇల్లు లేనివాళ్లూ ఇంట్లో ఏసీ చెడిపోయినవాళ్లూ చాలామంది. కానీ ఆ ఎండ మనిషిని ఏం చేస్తుందో తెలియడానికి రాస్తున్నాను.

రోహిణి కార్తె చూశామన్న ధైర్యమే మనవాళ్లను ఇక్కడ దెబ్బతీస్తుంది. విజయవాడలో చెమట కారుతుంది, చొక్కా తడుస్తుంది, దాహం గుర్తొస్తుంది. ఇక్కడి గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పట్టగానే ఆరిపోతుంది. ఒళ్లు పొడిగా ఉంది, బానే ఉన్నాం అనుకుంటారు. లోపల నీరు పోతూనే ఉంటుంది. రెండోది, మన ఊళ్లో రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం ఎవరూ గుట్టలు ఎక్కరు, ఇంట్లో పడుకుంటారు. ఆ తెలివినే ఇక్కడా వాడాలి. 0.8 మైళ్ల దారిలో నీడ అన్నది దాదాపు లేదు. సవారో ఎంత ఎత్తున్నా దాని నీడ మనిషికి చాలదు. చిన్నపిల్లలు నేలకు దగ్గరగా ఉంటారు కాబట్టి రాళ్ల సెగ వాళ్లకు ఇంకా ఎక్కువ.

తలనొప్పి, వికారం, పిక్కలు పట్టేయడం మొదలైతే వెంటనే వెనక్కి తిరగండి. మాట తడబడినా, మనిషి తికమకగా ప్రవర్తించినా అది వడదెబ్బ. 911కి ఫోన్ చేసి, నీడకు చేర్చి, బట్టలు తడిపి విసరండి. కొండ మలుపుల్లో ఫోన్ సిగ్నల్ అందకపోవచ్చు, అదీ గుర్తుంచుకోండి.

జూన్‌లో రావడమే మానుకోమనడం లేదు. అప్పుడు సూర్యోదయం 5:20 ప్రాంతంలో. వెలుతురు రాగానే దారి మీద ఉండి, ఏడున్నరకు కారెక్కేయండి. మనిషికి గంటకు లీటరు నీళ్లు, సీసాలో సగం అయిపోగానే వెనుదిరగాలి. మీకు ఆ పొద్దుటి పూట పెద్ద లాభం ఉంది. మే, జూన్ నెలల్లో సవారో తెల్లని పూలు రాత్రి విచ్చుకుని మర్నాడు మధ్యాహ్నానికి ముడుచుకుపోతాయి. రాత్రి గబ్బిలాలు, పొద్దున తేనెటీగలు, తెల్ల రెక్కల పావురాలు వాటి చుట్టూ తిరుగుతాయి. నెల చివరకు చెట్టు కొనలో పండ్లు పగిలి ఎర్రగా కనిపిస్తాయి. ఇవి శీతాకాలంలో వచ్చినవాళ్లకు దొరకవు.

ఎండెక్కాక మౌంట్ లెమన్ మీదికి పొండి. ఊరి అంచున సవారోల మధ్య మొదలయ్యే రోడ్డు 9,000 అడుగుల ఎత్తున పైన్ చెట్ల మధ్యకు తీసుకెళ్తుంది. అక్కడ పిల్లలను ఎంతసేపైనా నడిపించండి. జూలైలోకి జరిగితే మాత్రం వాన సంగతి చూసుకోండి. కొండ మీద ఎక్కడో పడ్డ వానకు మీ కాలికింద ఎండిన వాగు నిమిషాల్లో పొంగుతుంది. మబ్బు పట్టినప్పుడు వాగులో ఆడుకోనివ్వొద్దు.

పాములంటే భయం. రాటిల్ స్నేక్‌లు ఉంటాయట కదా? ఆ ఒక్క టెన్షన్‌తో రెండు సార్లు ప్లాన్ మానుకున్నాం.
— టెంపీ

ఉంటాయి. చలికాలంలో చాలావరకు బొరియల్లో ఉంటాయి, మార్చి నుంచి అక్టోబరు దాకా తిరుగుతాయి. దారి మధ్యలో నడవండి, చూడకుండా రాతి సందులో చెయ్యి పెట్టకండి, బండ మీద కూర్చునే ముందు వెనక చూడండి. కనబడితే ఆగి, వెనక్కి అడుగేసి, దూరంగా నిలబడండి. దాని దారిన అది పోతుంది. ఫొటో కోసం దగ్గరికి పోవద్దు, రాయి విసరొద్దు. ఒకవేళ కరిస్తే తాడు కట్టడం, కోయడం వంటివి చేయకుండా 911కి ఫోన్ చేయాలి. డిసెంబరు, జనవరిలో ప్లాన్ పెట్టుకోండి, ఇంకోసారి మానుకోకండి.

మా ఆరేళ్ల బాబు ప్యాంటుకు ముళ్ల బంతి ఒకటి అతుక్కుంది. చేత్తో తీయబోతే నా వేళ్లకు గుచ్చుకుంది. ఇద్దరం ఏడ్చాం. ఇవి ఎగిరి వచ్చి పడతాయంటున్నారు, నిజమా?
— మీసా నుంచి ఒక తల్లి

అది చోయా అనే కాక్టస్ ముక్క అమ్మా. దూరం నుంచి సూర్యుడి వెలుగులో మెత్తగా, బంగారు రంగులో మెరుస్తుంది, పిల్లలు ముచ్చటపడి దగ్గరికి వెళ్తారు. ఎగిరి పడదు. కణుపులు ఎంత తేలిగ్గా ఊడతాయంటే, బట్ట అంచు తగిలినా చాలు. అలా జంతువుల ఒంటికి పట్టుకుని వెళ్లి, ఇంకో చోట రాలి, అక్కడ వేరు పెట్టుకోవడం దాని పద్ధతి. ముళ్ల కొనకు వెనక్కి తిరిగిన సన్నని గాలాలుంటాయి, అందుకే లాగితే అంత నొప్పి.

చేత్తో ముట్టుకోవద్దు. దువ్వెన కావాలి. పళ్లు కాస్త ఎడంగా ఉన్న ప్లాస్టిక్ దువ్వెనను బంతికీ ఒంటికీ మధ్య దూర్చి, ఎవరూ లేని వైపుకు ఒక్క ఊపున విసిరేయాలి. మిగిలిన ముళ్లను ట్వీజర్స్‌తో పీకి, సబ్బుతో కడిగి మందు రాయండి. నా నడక సంచీలో నీళ్ల తర్వాత స్థానం దువ్వెనదే. బాబుకు చెప్పులు వద్దు, ముందు మూసి ఉన్న బూట్లు వేయండి. మళ్లీ తీసుకెళ్లండి. ఈసారి చోయాను దూరం నుంచే తను మీకు చూపిస్తాడు.

మా అత్తగారు కాక్టస్ కొమ్మ ఒకటి ఇంటికి తీసుకెళ్లి కుండీలో పెడతానంటున్నారు. సవారోకు పసుపు కుంకుమ కూడా పెడతారట. వద్దంటే బాధపడతారు. ఎలా చెప్పాలి?
— పేరు రాయని కోడలు

పెద్దావిడ మనసు నాకు అర్థమైంది. ఇలా చెప్పి చూడు.

ఈ నేల మీద ముందు నుంచీ ఉన్నవాళ్లు టొహోనో ఓధమ్ ప్రజలు. వాళ్లకు సవారో చెట్టు కాదు, మనిషితో సమానం. జూన్‌లో సవారో పుల్లలనే పొడవాటి గడలుగా కట్టి, పైనున్న పండ్లు దింపుతారు. పండ్ల రసం కాచి పాకం చేస్తారు, వానను పిలిచే పూజకు వైన్ పులియబెడతారు. వాళ్ల సంవత్సరం మొదలయ్యేదీ అప్పుడే. పార్కు లోపల కూడా ఈ పని ఇప్పటికీ చేస్తారు. ఆ చెట్టుకు పూజ ముందే ఉంది, చేసేవాళ్లు ఉన్నారు. మనం చేతులు జోడిస్తే చాలు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ ముక్కలు ఏవీ అక్కడ వదలకూడదు, పార్కు నియమం కూడా అదే.

కొమ్మ సంగతి గట్టిగా చెప్పాలి. పార్కులో ఆకు, రాయి, ఎండిన పుల్ల ఏదీ తీయకూడదు. అరిజోనాలో సవారోను అనుమతి లేకుండా పీకడం, నరకడం నేరం. దొంగతనాలు ఆపడానికి పార్కు కొన్ని సవారోల్లో చిప్‌లు కూడా పెట్టింది. మొక్కను ఇండియాకు తీసుకెళ్లాలన్నా అనుమతి పత్రాలు కావాలి, లేకపోతే ఎయిర్‌పోర్టులో ఆవిడే ఇబ్బంది పడతారు. నర్సరీలో చిన్న కాక్టస్ కొని, ఇక్కడ మీ ఇంట్లోనే ఆవిడ చేత నాటించు. ఆవిడ ఊరెళ్లాక వారం వారం ఫొటో పంపు.

నాకు బీపీ, సుగర్ రెండూ ఉన్నాయి. 64 ఏళ్లు. తేలిక ట్రెయిల్ అయినా భయంగా ఉంది.
— కర్నూలు నుంచి వచ్చి స్కాట్స్‌డేల్‌లో ఉంటున్న పాఠకుడు

మీరు వాడే మందుల చీటీ మీ డాక్టరుకు చూపించి, ఎండలో నడవొచ్చా అని ముందే అడగండి. బీపీ మందుల్లో కొన్ని ఒంట్లో నీటిని బయటికి పంపేవి, వాటితో ఇక్కడ అదనపు జాగ్రత్త కావాలి. ఎంత నీరు తాగాలి, ఉప్పు కలిపిన ఓఆర్ఎస్ మీకు పనికొస్తుందా అన్నదీ ఆయన్నే అడగాలి. నన్ను కాదు. ఖాళీ కడుపుతో వెళ్లకండి, జేబులో గ్లూకోజ్ బిళ్లలో బెల్లం ముక్కో పెట్టుకోండి. ఇన్సులిన్‌ను పార్క్ చేసిన కార్లో వదలొద్దు, కారు లోపల వేడికి పాడవుతుంది. కాలి వేళ్లు ఒరుసుకోని బూట్లు, మందపాటి మేజోళ్లు వేసుకోండి, ఇంటికొచ్చాక పాదాలు చూసుకోండి. సుగర్ ఉన్నవాళ్లకు చిన్న ముల్లు గుచ్చుకున్నది కూడా తెలియకపోవచ్చు. తోడు లేకుండా మాత్రం వెళ్లకండి.

మొదటి రోజు అర మైలు దారి ఒక్కటే నడవండి. బావుంటే ఇంకో రోజు వ్యాలీ వ్యూ.

మా అమ్మమ్మ వీల్‌చైర్‌లో ఉంటుంది. ఆవిడతో కలిసి కాక్టస్ అడవి చూసే వీలుందా? టూసాన్ దాకా కూర్చోలేదు, ఫీనిక్స్ దగ్గర్లో ఏదైనా చెప్పినా మేలు.
— క్వీన్ క్రీక్

రెండూ చెబుతాను. ఎప్పుడైనా టూసాన్ వెళ్లగలిగితే పార్కు తూర్పు భాగంలో ఎనిమిది మైళ్ల తారురోడ్డు ఉంది, కాక్టస్ ఫారెస్ట్ డ్రైవ్. కారు దిగకుండానే సవారోల మధ్య నుంచి తిరిగి రావొచ్చు. దాని మీదే డెసర్ట్ ఎకాలజీ ట్రెయిల్, పావు మైలు, చదును దారి, కుర్చీ నడుస్తుంది. పడమటి భాగంలో నేను పైన రాసిన డెసర్ట్ డిస్కవరీ దారీ అంతే.

మీకు దగ్గర్లో అయితే అపాచీ జంక్షన్ పక్కన లాస్ట్ డచ్‌మన్ స్టేట్ పార్క్. సూపర్‌స్టిషన్ కొండలు నిలువుగా ఎదురుగా లేచి ఉంటాయి, సవారోలు వాటి పాదాల దాకా ఉంటాయి. అక్కడ నేటివ్ ప్లాంట్ ట్రెయిల్ పావు మైలు, చదునుగా వేసినది, అమ్మమ్మగారికి సరిపోతుంది. ఓపికున్నవాళ్లు ట్రెజర్ లూప్ నడవండి, 2.4 మైళ్లు, సగం దాకా వెళ్లి వచ్చినా కొండ బాగా దగ్గరవుతుంది. సైఫన్ డ్రా ట్రెయిల్ పైభాగం జోలికి మాత్రం పోకండి, అది తేలిక దారి కాదు. చలికాలం వానలు బాగా పడ్డ ఏడు ఫిబ్రవరి చివర, మార్చిలో నేలంతా పసుపు పాపీలు పూస్తాయి. ఆ వారాంతాల్లో గేటు దగ్గర కార్లు బారులు తీరతాయి, కార్లో ఎక్కువసేపు కూర్చోలేని మనిషితో అది కష్టం. బుధవారమో గురువారమో సెలవు పెట్టి, తొమ్మిది లోపు చేరండి. నేషనల్ పార్కుల పాస్ ఇక్కడ చెల్లదు, గేటు దగ్గర విడిగా కట్టాలి.